పిండికి తెలిసిన మాట

ఎల్బీ నగర్ వెనక సందులో కుక్కల దాణా తయారయ్యే షెడ్డుంది. పొద్దున్నే వచ్చి తొట్టిని తట్టడం యాదలక్ష్మి మొదటి పని. మొక్కజొన్న పిండి, కోడిమాంసం పొడి కలిపిన సరుకు ఆ తొట్టిలోంచి సన్నగా జారి అడుగున తిరిగే మరలో పడాలి. ధార తగ్గితే మర ఒట్టిగా తిరిగి దాణా బిళ్లలు మాడిపోతాయి. ఎక్కువైతే ముద్ద గొంతుకు అడ్డం పడ్డట్టు మూలుగుతుంది.

ఆ పిండికి చెవులున్నాయి. "బంద్" అన్న మాట వింటే జారేది జారినట్టే ఆగిపోతుంది. తట్టి "నడువు" అంటే కదులుతుంది. మామూలు రోజుల్లో అదో సుఖం. తెలంగాణ ఉద్యమం ముదిరాకే చిక్కొచ్చి పడింది. రోడ్డు మీదా ఆ మాటే, టీ కొట్లోనూ ఆ మాటే. ఏది తన బందో, ఏది ఊరి బందో తెలియక పిండి పాపం అన్నిటికీ ఆగేది. యాదలక్ష్మికీ అంతా అయోమయమే. నల్గొండ మనిషి కాబట్టి నినాదం వింటే కాలు నిలవదు, మాడు వాసనొస్తే మనసూరుకోదు.

యజమాని వెంకట్రావుది గుంటూరు. షెడ్డులో ఆ మాట ఎవరన్నా పనిలోంచి తీసేస్తానన్నాడు. అయినా లాభం లేక, మరను సొంతూరికి తరలించడానికి లారీ మాట్లాడాడు. ఆ లారీతో పాటే తన కూడూ పోతుందని యాదలక్ష్మికి దిగులు పట్టుకుంది.

లారీ రావాల్సిన పొద్దున మిగతావాళ్లంతా ర్యాలీకి పోయారు. తొట్టి ఖాళీ చేద్దామని మర వేస్తే, పిండి పైన పెచ్చు కట్టి కింద డొల్లయింది. వెంకట్రావు నిచ్చెనెక్కి కర్రతో పొడిచాడు. పెచ్చు విరిగి లోపల పడ్డాడు. యాదలక్ష్మి ఉరికి కరెంటు తీసేసింది. అయినా పిండి డొల్లలోకి జారుతూ ఆయన్ని ఛాతీ దాకా లాక్కుంది.

"ఆపు, ఆపు," అని అరిచాడాయన. పిండికి ఆ మాట రాదు.

యాదలక్ష్మి నోట్లోనే మాట తిరుగుతోంది. "మీరే అనొద్దంటిరి గద సార్. ఇప్పుడు అనాల్నా, వద్దా?"

గడ్డం దాకా మునిగాక ఆయనే అన్నాడు. "బంద్."

పిండి ఆగింది. ఆయన్ని ఎత్తిపట్టుకున్నట్టే నిలబడింది.

ఆమె తాడేసి లాగింది. మీసాల నిండా పిండితో వెంకట్రావు నేల మీద కూలబడ్డాడు. ఇంతలో లారీ డ్రైవరు తొంగిచూసి, సామాను ఎక్కించమంటారా అని అడిగాడు.

వెంకట్రావు మీసాలు తుడుచుకుంటూ తొట్టి వైపు చూశాడు.

"ఇవాళ బందయ్యా," అన్నాడు.

"మరి రేపు?"

"రేపూ బందే."

యాదలక్ష్మి మర స్విచ్ వేసి, తొట్టిని తట్టింది.

"నడువు తల్లీ," అంది.