బావను అడగని మోకాలు

పుత్తూరు బస్టాండు పక్కన మా బావ మునివెంకటప్ప నడిపే టిఫిన్ హోటల్లో, ఆయన నోటి మాట లేకుండా గరిటెడు సాంబారు కూడా కదలదు. ఇడ్లీ తినే మనిషి సాంబారు అడిగితే సర్వర్ ధర్మేంద్ర గల్లాపెట్టె దాకా వచ్చి చెప్పాలి. బావ ఆలోచించి, వంటగది వైపు తిరిగి, మూడో టేబులుకు సాంబారని కేకెయ్యాలి. అప్పుడు లోపల మా అక్క వసంతమ్మ గరిటె ఎత్తాలి. ఆ సాంబారు వచ్చేసరికి ఇడ్లీ ఎటూ అయిపోయి ఉంటుంది.

ఎదురుగా కొత్త హోటలు తెరిచాక మా గిరాకీలు ఒక్కొక్కరే రోడ్డు దాటడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళు పొగలో నిలబడి నిలబెట్టిన హోటలు కళ్ళముందే ఖాళీ అవుతుంటే అక్క కుమిలిపోయేది. వంటింటి సంగతి తనకు వదిలెయ్యమని నెలరోజులుగా అడుగుతోంది. ఆయన వింటేగా. హోటలుకు తలకాయ ఒక్కటే ఉండాలట, అది తనదేనట. నాకు ఒళ్ళు మండేది.

అంతలో బావకు అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. చెప్పు జారిపోయినా తెలియడం లేదు. తిరుపతిలో నరాల డాక్టరు ప్రసన్నకుమారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆమె ఆయన్ని ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి, రబ్బరు సుత్తితో మోకాలి కింద చిన్నగా తట్టింది. కాలు ఎగిరి ఎదుటున్న చెత్తబుట్టను తన్నింది.

బావ మొహం మాడిపోయింది. మళ్ళీ కొట్టమన్నాడు. ఈసారి రెండు చేతులతో తొడను అదిమి పట్టుకున్నాడు. అయినా కాలు లేచింది.

"నా కాలు నన్నడక్కుండా ఎట్ల లేస్తాది మేడం?"

డాక్టరమ్మ నవ్వాపుకుని ఓపిగ్గా చెప్పింది. ఒంట్లో కోట్లకొద్దీ నాడీకణాలు ఉంటాయట. వాటి సన్నని పోగులు కాలివేళ్ళ దాకా పాకి ఉంటాయట. కొన్ని కబురు లోపలికి మోస్తాయి, కొన్ని ఆజ్ఞ బయటికి తెస్తాయి. నడుమ మెదడు, దాని నుంచి కిందికి దిగిన వెన్నుపాము. కణానికీ కణానికీ మధ్య కంటికి ఆనని సందు ఉంటుందనగానే, ఆ సందులో ఎవరు కూర్చుంటారని బావ అడిగాడు. ఎవరూ కూర్చోరు, కబుర్ని రసాయనాలే దాటిస్తాయంది. మోకాలి కబురు వెన్నుపాము దాకా వెళ్ళి, అక్కడే ఆజ్ఞ పుచ్చుకుని వెనక్కి వచ్చేస్తుందట.

"చెయ్యి పెనానికి తగిలిందనుకోండి," అందామె. "మెదడు ఆలోచించేదాకా ఆగితే చర్మం ఊడొస్తాది. అందుకే వెన్నుపామే చేతిని లాగేస్తాది. మెదడుకు కబురు తరవాత చేరతాది."

తిమ్మిర్లు చక్కెర జబ్బు వల్ల వచ్చాయని మందులు రాసిచ్చింది. అది బావ తలకెక్కలేదు. ఇన్నేళ్ళూ తన ఉప్పు తిని ఇంత పని చేస్తావా అన్నట్టు, బస్సులో దారి పొడుగునా మోకాలినే చూస్తూ కూర్చున్నాడు.

హోటలుకు చేరి గల్లాలో కూర్చున్నాడో లేదో, ధర్మేంద్ర వచ్చి ఎదుట నిలబడ్డాడు. పాపం, పదేళ్ళ అలవాటు.

"సామీ, పొయ్యికాడ గోనెసంచి అంటుకునింది. నీళ్ళు పొయ్యమంటారా?"

బావ నోరు తెరిచాడు. ఎన్ని నీళ్ళని అడగబోయాడనుకుంటాను. ఈలోగా లోపల బుస్సుమని చప్పుడు. నేను పరిగెత్తాను. అక్క బకెట్టెడు సాంబారు సంచి మీద కుమ్మరించి నిలబడి ఉంది. గోడంతా ములక్కాడ ముక్కలు. మంట ఆరిపోయింది. సంచికీ గ్యాసు బండకూ నడుమ జానెడు జాగా కూడా లేదు.

అప్పుడు గల్లా దగ్గర్నుంచి బావ కేక వినబడింది.

"పొయ్యండి."

నవ్వాలో ఏడవాలో తెలియక అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మాడిన సంచినీ, పక్కనున్న బండనూ, అక్క చేతుల్నీ చూశాడు. ఆయన అంత భయపడడం నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి కాలలేదు గదా అని అక్కను అడిగాడు. లేదంది.

ఆయన గొంతు సవరించుకుని, గల్లా వైపు తిరిగి వెళ్తూ ధర్మేంద్ర దగ్గర ఆగాడు.

"ఇంకమీద సాంబారుకు నన్నడగొద్దు," అన్నాడు. "పోసినాక చెప్తే సాలు."