వేరే పేరు

పంపేముందు ఫోను ఒక పేరు చూపించింది. జి. లింగయ్య. రేణుక ఆ పేరు చదివింది. చదివాకే నొక్కింది.

తర్వాత ఎవరడిగినా ఆ సంగతి దాచలేదు. చదవకుండా నొక్కానంటే కాస్త జాలిపడేవాళ్లేమో. కానీ ఆమె ఇంటర్ చదివింది. అయిజలో వాళ్ల వాడకట్టు ఆడవాళ్లు సగంమందికి ఫోన్లో పైసలు పంపిపెట్టేది ఆమే. అది తెలియని పేరని ఆమెకు తెలుసు. అయినా అనుమానం రాలేదు. ఆ ఇంటికి డబ్బు ఎప్పుడొచ్చినా వేరే ఎవరి పేరు మీదనో వచ్చేది. భర్త సాంసన్ పుణెలో పునాదులు తవ్విన రెండేళ్ల కూలి, గుంపు మేస్త్రి బావమరిది ఖాతాలో పడి అక్కడినుంచి ఇంటికి చేరింది. విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో ఆమె క్రాసింగ్ పనికి పోయేది. సాయంత్రం మొగ్గ వలవాలి, పొద్దున ఆ మొగ్గకు మగపువ్వు రుద్దాలి. ఆ కూలి పైసలు విత్తనాల కంపెనీ ఆర్గనైజరు భార్య నంబరు నుంచి వచ్చేవి. ఇంట్లో వాడే సిమ్ము అత్త పేరు మీద ఉంది. అత్త పోయి మూడేళ్లయింది.

పైగా భూమి ఇస్తానన్న జగదీశ్ ముందే చెప్పాడు. “నా ఖాతాల ఎయ్యకు రేణుకా. పంట రుణం ఉంది. పడంగనే బ్యాంకోళ్లు పట్టుకుంటరు. ఇంకో నంబరు చెప్త, రాసుకో. వేరే పేరొస్తది, పరేషాన్ కాకు.”

రాసుకుంది. కొట్టేటప్పుడు చివరి రెండు అంకెలు ముందువెనుకలయ్యాయి.

ముప్ఫై ఆరు వేలు. బోరు నీళ్లున్న ఎకరంన్నర నల్లరేగడికి ఏడాది కౌలు. ఇన్నేళ్లూ ఇతరుల చేలల్లో చేసిన సీడు పత్తి ఈసారి తాము వేసుకోవాలని మొగుడూ పెళ్లాం రెండేళ్లు కూడబెట్టారు. భూమి దొరికితే ఇంటి పట్టున ఉంటారు. దొరక్కపోతే మళ్లీ పుణె. ఈసారి మేస్త్రి ఒక్కొక్కరిని తీసుకోనన్నాడు, జోడీ కావాలన్నాడు. ఇద్దరూ పోతే ఏడో తరగతి అయిన శ్రీజను చూసేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. కాబట్టి అదీ వాళ్ల వెంటే.

ఆ మంగళవారం పొద్దుగూకేవేళ ఆమె జొన్నరొట్టెలు చేస్తుండగా జగదీశ్ ఫోన్ చేశాడు.

“ఏందమ్మా, పైసలు ఇంక పంపలే?”

“పంపిన పటేలా. గంటయింది.”

“మా బామ్మర్దికి రాలేదంట.”

“లింగయ్య అని వచ్చింది. నొక్కిన.”

“లింగయ్య ఎవడు? మా బామ్మర్ది సతీష్.”

“వేరే పేరొస్తదని నువ్వే అంటివి కదా పటేలా.”

“వేరే పేరంటే ఏ పేరైనా అనా?”

 రేణుక పెనం మీది రొట్టె మాడకముందే తిప్పింది.

“ఆదివారం దాకా చూస్త,” అన్నాడు జగదీశ్. “రాయచూరు దిక్కు ఆయన ఒకడు నలభై ఇస్తనని తిరుగుతుండు. నువ్వు ముందు అడిగినవని ఆగిన.”

ఫోను పెట్టి, మిగిలిన పిండితో మూడు రొట్టెలు చేసింది. మూడూ గుండ్రంగానే వచ్చాయి. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. సాంసన్ చేతులు కడుక్కుని కూర్చున్నాక చెప్పింది.

“ఎంత?” అన్నాడు.

“మొత్తం.”

సాంసన్ రొట్టె తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. “ముందుగాల ఒక్క రూపాయి పంపి చూడాల్నని నువ్వే అందరికి చెప్తవ్ గద.”

నిజమే. వాడకట్టులో ఎవరి డబ్బు పంపినా ముందు ఒక రూపాయి పంపి, అందిందని అవతలివాళ్ల నోట విన్నాకే మిగతాది పంపేది. తన డబ్బుకు ఆ పని చెయ్యలేదు. ఎందుకో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఆ పూటే ఫోన్లో ఫిర్యాదు పెట్టింది. మీ చెల్లింపు విజయవంతమైంది, డబ్బు అందుకున్నవారిని సంప్రదించండి అని జవాబు వచ్చింది. ఆ విజయవంతం అన్న మాటను ఆమె రెండుసార్లు చదివింది.

బుధవారం బ్యాంకు తలుపు తీయకముందే పోయి నిలబడింది. కౌంటర్లో ఉన్నది జయశ్రీ అనే ఆఫీసరు. మెసేజీలోని పన్నెండంకెల నంబరును కాగితం మీద రాసిమ్మంది. రేణుక ఒక్కో అంకె రాసి, వేలు పెట్టి సరిచూసుకుని, మళ్లీ వెనకనుంచి చూసుకుంది.

“మేం వెనక్కి లాగలేమమ్మా,” అంది జయశ్రీ. “ఆయన ఖాతా ఏ బ్యాంకులో ఉందో వాళ్లకు రాస్తాం. వాళ్లు ఆయన్ని అడుగుతారు. ఆయన సరే అంటేనే వస్తాయి.”

“అనకపోతే మేడం?”

“అప్పుడు పైవాళ్లకు ఫిర్యాదు చేసుకోవచ్చు. దానికి నెలలు పడుతుంది. ముందు ఆయనతోనే మాట్లాడు. నంబరు నీ దగ్గర ఉంది కదా.”

“సైబర్ పోలీసోళ్లకు ఫోన్ చెయ్యమంటుండ్రు మా వాడల.”

“అది మోసం జరిగినప్పుడు. నిన్నెవరు మోసం చేశారు?”

రేణుక నిజంగానే ఆలోచించింది. “ఎవ్వరు చెయ్యలే,” అంది.

ఆ నంబరుకు రోజంతా చేసినా ఎవరూ ఎత్తలేదు. గురువారం మధ్యాహ్నం ఒక ముసలి గొంతు హలో అంది.

“పెద్దనాయినా, నా పేరు రేణుక. మొన్న మీ ఖాతాల నా పైసలు పొరపాటున...”

మాట పూర్తికాకముందే ఫోను ఆడమనిషి చేతికి పోయింది. “మళ్లొకతి చేసింది చూడు! మొన్న కరెంటు బిల్లన్నరు, నిన్న పార్సలన్నరు, ఇయ్యాల పైసలు పడ్డయంట. ఓటీపీ చెప్పాల్నా తల్లీ?”

“ఓటీపీ వద్దు పెద్దమ్మా. మీది ఏ ఊరు?”

“ఊరు చెప్తే ఇల్లు దోస్తవా? ధైర్యముంటే లింగాలకు రా, మా కుక్కకు చెప్పి పెడ్త!” ఫోను పెట్టేసింది.

రేణుక కాగితం మీద లింగాల అని రాసుకుంది.

శుక్రవారం తెల్లవారుజామున బయలుదేరింది. అయిజలో ఒక బస్సు, గద్వాలలో ఇంకొకటి, వనపర్తిలో మరొకటి, నాగర్‌కర్నూల్లో నాలుగోది, అచ్చంపేటలో ఐదోది. ఐదు బస్సుల్లోనూ ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు తీసుకుంది. కిటికీలోంచి దున్ని పెట్టిన చేలు వెనక్కి పోతుంటే వాటిలో ఏది ఎకరంన్నర ఉంటుందో కంటితోనే కొలిచింది. మెల్లగా అదీ మానేసింది.

లింగాలలో దిగి చాయ్ కొట్టు దగ్గర అడిగితే కొట్టతను నవ్వాడు. “ఏ లింగయ్యక్కా? ఈడ రాయి ఇసిరితే లింగయ్యకే తాకుతది.” పక్కన రీచార్జి చేసే దుకాణంలో నంబరు చూపిస్తే, అదా, అంటూ చెయ్యెత్తి సందు చూపించారు.

కుక్క నిజంగానే ఉంది. రేణుకను చూసి తోక ఊపింది. వాకిట్లో పాత బస్తాలు దులుపుతున్న ముసలాయన లింగయ్య. ఇంట్లోంచి వచ్చింది అమృతమ్మ, ఫోన్లో తిట్టిన మనిషి.

“నేనే పెద్దమ్మా. నిన్న అయిజ నుంచి ఫోన్ చేసిన. ఓటీపీ వద్దు.”

అమృతమ్మ ఆమె మొహాన్నీ, చెప్పులనూ, చేతిలోని ప్లాస్టిక్ కవరునూ చూసింది. “అయిజ నుంచి వచ్చినవా? ఒక్కదానివే? మీ ఆయన పేరేంది?”

“సాంసన్.”

“ఊ,” అంది అమృతమ్మ. లోపలికి పోయి నీళ్లు తెచ్చింది. గూట్లో స్టీలు గ్లాసులు వరసగా ఉన్నాయి. నీళ్లు కాగితం గ్లాసులో వచ్చాయి. రేణుక తాగి, గ్లాసు నలిపి తన కవరులోనే వేసుకుంది.

లింగయ్య మాత్రం మెసేజీ చూపించమన్నాడు. అద్దాలు పెట్టుకుని పేరు చదువుకున్నాడు. “నా పేరే. మంగళారం. మరి నాకేం కనపడలేదే. పా, బ్యాంకుకు పోదాం.”

అమృతమ్మ కూడా తాళం వేసి వెంట వచ్చింది.

లింగాల బ్యాంకులో సారు పాసుపుస్తకం మిషన్లో పెట్టి తీశాడు. మంగళవారం ముప్ఫై ఆరు వేలు వచ్చాయి. బుధవారం ముప్ఫై ఐదు వేల నాలుగు వందలు పోయాయి. లింగయ్య పంట రుణం మీద రెండేళ్లుగా ఆగిన వడ్డీ కింద కంప్యూటరే పట్టుకుంది. ఖాతాలో మిగిలింది ఎనిమిది వందల చిల్లర. జగదీశ్ తన ఖాతాకు ఏమవుతుందని భయపడి వేరే నంబరు ఇచ్చాడో, అదే ఇక్కడ అయింది.

“అయిదారు నెలల సంది మీరు నోటీసు పంపుతనని బెదిరిస్తుంటిరి,” అన్నాడు లింగయ్య సారుతో. “నిన్న కనపడితే నవ్వినరు. ఎందుకు నవ్వినరో అనుకున్న.”

“ఈ డబ్బు ఆమెదే, తిరిగి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు అని మీరు రాసివ్వాలి,” అన్నాడు సారు. “అప్పుడు రుణం నుంచి వెనక్కి తీయమని పై ఆఫీసుకు పంపుతా. మీ వడ్డీ మాత్రం మళ్లీ నిలబడుతుంది, ఆలోచించుకోండి.”

అమృతమ్మ మొగుడి మోచేయి పట్టుకుంది. గొంతు తగ్గించానని అనుకుందిగానీ అందరికీ వినపడింది. “సంతకం పెడ్తే బాకీ మళ్ల నెత్తినెక్కుతది. మనమేమన్న అడిగినమా? ఆమెనే పంపె, బ్యాంకే పట్టె. మన చెయ్యేడుంది ఇందుల?”

“పెట్టకపోతే ఈ పిల్ల లేచేటట్టు లేదు. రాత్రికి ఈమెకు బువ్వ ఎవరు వండుతరు?”

“నేను వండ.”

“అందుకనే పెడుతున్న,” అని లింగయ్య పెన్ను అడిగాడు.

దరఖాస్తు రేణుకే రాసింది. తేదీ, నంబరు, మొత్తం అంకెల్లో, మొత్తం అక్షరాల్లో. లింగయ్య సంతకం చేస్తున్నంతసేపు అమృతమ్మ కిటికీలోంచి రోడ్డు చూసింది.

“ఎన్ని రోజులైతది సార్?” అంది రేణుక.

“పది, పదిహేను పనిదినాలు.”

“ఆదివారం లోపల కాదా?”

“ఇవాళ శుక్రవారం కదమ్మా.”

అవును, శుక్రవారం. ఆమెకు ఆ సంగతి బస్సెక్కినప్పుడే తెలుసు. అయినా వచ్చింది. లింగయ్య బస్సు దాకా నడిచి వచ్చాడు. “నేను దినాం పోయి అడుగుత బిడ్డా. ఈడ నాకేం పని?” అన్నాడు. రేణుక సరేనని తలూపింది. ఆయనకు దండం పెట్టాలని తోచింది గానీ చేతులు లేవలేదు. తిరుగు దారిలో వనపర్తి దాకా నిద్రపోయింది.

ఆదివారం ప్రార్థన అయి జనం ఇళ్లకు వస్తున్న వేళ జగదీశ్ బండి మీద వచ్చాడు. దిగలేదు. ఇంజను ఆపలేదు.

“ఏమైంది?”

“వస్తయ్ పటేలా. ఆయన సంతకం పెట్టిండు. పదిహేను రోజులంట.”

“పదిహేను రోజులకు వాన పడ్తది. ఇత్తనం ఆగుతదా?” జగదీశ్ ఆమె వైపు కాక హ్యాండిల్ వైపు చూస్తూ అన్నాడు. “నేనేం కావాలని చేస్తలేను. క్రాసింగ్ టైముకు నిన్నే పిలవమని ఆ రాయచూరాయనకు చెప్త. నీ చెయ్యి మంచిది.”

“మంచిది పటేలా,” అంది రేణుక.

సాంసన్ ఆ సాయంత్రమే మేస్త్రి దగ్గరికి పోయి జోడీ అని చెప్పి అడ్వాన్సు తెచ్చాడు. మంగళవారం వ్యాను వచ్చింది. శ్రీజ బ్యాగులో ఎనిమిదో తరగతి పుస్తకాలు పెట్టుకుంది, పక్కింటి పిల్ల పాతవి ఇచ్చింది. బరువెక్కువైందని సాంసన్ రెండు తీయించబోతే రేణుక తీయనివ్వలేదు. తన రెండు చీరలు తీసి ఇంట్లో పెట్టింది.

పుణెలో ఇరవై మూడో రోజు. పునాది గోతిలోంచి మట్టి గంప నెత్తికెత్తుకుని పైకి వస్తుండగా నడుముకు కట్టుకున్న ఫోను మోగింది. గంప దింపి, చెయ్యి కొంగుకు తుడుచుకుని చూసింది. ముప్ఫై ఆరు వేలు జమ. అంకెలు ఒక్కొక్కటీ చూసింది. లింగయ్యకు ఫోన్ చేసింది.

“వచ్చినయ్ పెద్దనాయినా.”

“అన్ని వచ్చినయా? మంచిగ చూస్కో.” ఆయన గొంతులో హుషారు. “దినాం పోయి ఆ సారు ముంగట కూసున్న. ఆఖరికి నన్ను చూస్తనే చాయ్ తాగొస్తనని లేచిపోతుండె!”

“అన్ని వచ్చినయ్.”

“ఇంగ భూమి పట్టుకో మరి. మాకు వాన పడ్డది. మీ దిక్కు పడ్డదా?”

“పడ్డదంట. ఇత్తినరంట.”

“ఎవరు?”

“రాయచూరాయన.”

 వెనకనుంచి అమృతమ్మ గొంతు వినిపించింది, ఏమంటుంది ఆ పిల్ల, అని. “పైసలు ముట్టినయంట,” అన్నాడు లింగయ్య ఆమెతో. అంతకుమించి చెప్పలేదు. “ఉంట బిడ్డా,” అని పెట్టేశాడు.

గోతిలోంచి సాంసన్ తలెత్తాడు. “ఎంత?”

“మొత్తం.”

అతను పార మీద చేతులు ఆనించి కాసేపు నిలబడ్డాడు. మేస్త్రి అడ్వాన్సు బాకీ దీపావళి దాకా తెగదని ఇద్దరికీ తెలుసు. మళ్లీ తవ్వడం మొదలుపెట్టాడు.

రేణుక ఫోను నడుముకు చుట్టుకుంది. గంప కోసం వంగేసరికి అది అప్పటికే ఖాళీ అయి ఉంది. శ్రీజ మట్టి కుమ్మరించి, గంప అడుగు తట్టి, ఆమె చేతికి అందించింది. ఈ పని నీకొద్దు, పోయి చదువుకో అని రేణుక మొదటి వారం రోజూ చెప్పేది. ఇప్పుడు చెప్పడం లేదు. గంప తీసుకుని గోతిలోకి దిగింది.