గాలివాటున నిలబడ్డవాడు

మెదెర్‌బెక్ ఇరవై ఎనిమిదేళ్లు సిగరెట్లు తాగాడు, ఇరవై రెండేళ్లు ట్రాలీబస్సు నడిపాడు. ఈ రెంటిలో నీ వృత్తి ఏదని ఎవరైనా అడిగితే కాసేపు ఆలోచించి చెప్పాల్సిన మనిషి. బిష్కెక్ వీధుల్లో బస్సు నెత్తి మీది రెండు కడ్డీలు కరెంటు తీగల నుంచి జారినప్పుడల్లా కిందికి దిగేవాడు. వెనక వేలాడే తాళ్లు లాగి, వాటిని మళ్లీ తీగలకు తగిలించి, ఆ కష్టానికి కూలీగా ఒక సిగరెట్ ముట్టించుకునేవాడు. చలికాలంలో కడ్డీలు ఎక్కువసార్లు జారతాయి. అందుకే అతనికి చలికాలమంటే ప్రాణం.

ఆ సెప్టెంబరులో డ్రైవర్లకు వైద్య పరీక్షలు జరిగాయి. డాక్టరు ఒక గొట్టం అతని నోటికిచ్చి ఊదమంది. మెదెర్ ఊదాడు.

"ఊదండి మరి," అందావిడ.

"ఊదాను కదా."

డాక్టరు మిషను వంక చూసింది, అతని వంక చూసింది. "వచ్చే ఏడాదీ ఇలాగే ఊదితే నేను సంతకం పెట్టను. మీ బస్సు ఇంకొకరు నడుపుకుంటారు."

"చలికాలం వస్తే ఊరంతా బొగ్గు పొగే కదా డాక్టరమ్మా, అందులో నాదెంత?"

"ఊరి పొగకు నేనేం చెయ్యలేను. మీది మీ చేతిలో ఉంది. ఈ నిమిషంలో కూడా ఉంది, చూసుకోండి."

మెదెర్ చేతిలోని సిగరెట్ పెట్టెను జేబులో దాచేశాడు.

కాలేజీలో చదువుతున్న కూతురు ఐజిరెక్ ఆ సాయంత్రమే ఒక ఈ-సిగరెట్ తెచ్చి చేతిలో పెట్టింది. కొట్టులో స్ట్రాబెర్రీ వాసనది ఒక్కటే మిగిలిందట. భార్య బూరుల్ ఆ రాత్రే చెల్లెళ్లకూ, ఆడపడుచులకూ, తను కర్టెన్లు కుట్టే షాపులో అందరికీ ఫోన్లు చేసి మావారు సిగరెట్ మానేశారని చెప్పేసింది. ఇక వెనక్కి తిరిగే దారి లేకుండా పోయింది.

నిజానికి మెదెర్ మాట మీద నిలబడ్డాడు. ఒక్క సిగరెట్ ముట్టలేదు. స్టాపులో ఆగినప్పుడు కిటికీలోంచి తల బయటికి పెట్టి కూతురిచ్చిన ఈ-సిగరెట్ పీల్చేవాడు. ఆవిరి తిరిగి లోపలికే వచ్చేది. "ఎవరిదో జామ్ సీసా పగిలినట్టుంది, సంచులు చూసుకోండర్రా," అని వెనక నుంచి ఓ ముసలామె అరిచేది. యాభై ఒక్కేళ్ల మీసాల మనిషి ముఖం ఎర్రగా చేసుకుని బస్సు కదిలించేవాడు.

ఆవిరి పీలిస్తే ఒంటికి శాంతి దొరికేది. మనసు మాత్రం, పెళ్లికి పిలిచి భోజనం పెట్టకుండా పంపేసిన చుట్టంలా అలిగి కూర్చునేది. టీ తాగితే కావాలి. వేడి వేడి లగ్మాన్ నూడుల్స్ తిన్నాక కావాలి. కడ్డీలు జారితే మరీ కావాలి. వేళ్ల మధ్య ఆ సన్నటి కాయితపు గొట్టం లేక చెయ్యి తనది కానట్టు ఉండేది. అన్నిటికంటే కష్టం చివరి స్టాపులో. అక్కడ పది నిమిషాల విరామం. డ్రైవర్లంతా కిందికి దిగి పొగ వదిలే చోటు అది.

అక్కడ అతనికి రోజూ కలిసేది జోయా పావ్లోవ్నా. అదే రూటులో అతని ముందు బస్సు నడుపుతుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, భర్త పోయి తొమ్మిదేళ్లయింది. మగవాళ్ల గొర్రెతోలు కోటు వేసుకుని, బస్సుకు ఆనుకుని, ఘాటైన సిగరెట్ తీరిగ్గా తాగుతుంది. ఒకరోజు మెదెర్ ఏదో అడగడానికి ఆమె దగ్గరకు వెళ్లాడు. గాలి అతని వైపు వీచింది. ఏం అడగాలో మరిచిపోయాడు.

మర్నాటి నుంచి అది అలవాటైంది. బస్సు దిగుతూనే వేలు తడి చేసుకుని గాలి ఎటుందో చూసుకునేవాడు. జోయా పావ్లోవ్నాకు గాలివాటున నిలబడి, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చేవాడు. గాలి తిరిగితే అతనూ తిరిగేవాడు. ముట్టలేదు కాబట్టి మాట తప్పినట్టు కాదని సర్దిచెప్పుకునేవాడు. ఉత్తినే నిలబడితే బాగుండదని ఏదో ఒకటి మాట్లాడేవాడు. ఆమె పెంపుడు పిల్లి గురించి, మోకాళ్ల నొప్పి గురించి, పోయిన భర్త చేపలు పట్టే సంగతుల గురించి అడిగేవాడు. తొమ్మిదేళ్లలో తన మోకాళ్ల గురించి అడిగిన మగవాడు జోయా పావ్లోవ్నాకు ఇంకొకడు లేడు.

డిసెంబరు వచ్చేసరికి ఆమె పెదాలకు రంగు వేసుకుంటోంది. ఒకరోజు సెంటు కూడా పూసుకొచ్చింది. గులాబీల సెంటు. మెదెర్ ఒక్క గుక్క పీల్చి ముఖం చిట్లించాడు. పొగంతా పాడైపోయింది.

"జోయా పావ్లోవ్నా, ఏమీ అనుకోకండి. ఆ సెంటు వద్దు. మీ మామూలు వాసనే నాకు బాగుంటుంది."

గొర్రెతోలు కోటు కాలరులో జోయా పావ్లోవ్నా మెడ దాకా ఎర్రబడింది.

జనవరిలో మెదెర్ రెండు రోజులు సెలవు పెట్టి, మూడో రోజు చివరి స్టాపులో ఆత్రంగా దిగాడు. ఆమె చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంది. పొగ లేదు.

"మీరు మానేశాక మీ ముఖం మీద పొగ వదలడం ఏం మర్యాద? మీరు నోరు తెరిచి అనలేదు గానీ నాకు తెలియదా? ప్రతిసారీ కళ్లు మూసుకుంటున్నారుగా, పాపం, మండి! మొన్నటి నుంచి ముట్టలేదు. మీ కోసమే మానేశాను."

మెదెర్ గుండె జారి బూట్లలో పడింది.

"అయ్యయ్యో! ఎందుకండీ ఈ వయసులో ఒళ్లు పాడుచేసుకోవడం?"

"మానితే ఒళ్లు పాడవుతుందా?"

"ఒక్కసారిగా మానకూడదు. గుండెకు మంచిది కాదు. మాకు తెలిసినాయన ఒకరు..." అని ఆగిపోయాడు. ఆ తెలిసినాయనకు ఏమైందో వెంటనే తట్టలేదు.

మర్నాడు మెదెర్ ఆమె తాగే రకం సిగరెట్లే ఒక పెట్టె కొని తెచ్చాడు. దాన్ని ఆమె చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసి, "నా కోసమైనా కాదనకండి," అన్నాడు. అంత కన్నా నిజం అతను ఆ చలికాలమంతా మాట్లాడలేదు. జోయా పావ్లోవ్నా ఆ పెట్టెను గుండెకు హత్తుకుంది.

ఇదంతా పది అడుగుల దూరంలో పొద్దుతిరుగుడు గింజలు అమ్ముకునే తోతుయా చూసింది. తోతుయా బూరుల్‌కు వరసకు వదిన.

రెండు రోజుల తర్వాత, ఉదయం తొమ్మిదిన్నరకు, ఓష్ బజారు స్టాపులో బూరుల్ ముందు తలుపు నుంచి బస్సెక్కింది. 'డ్రైవరుతో మాట్లాడరాదు' అన్న బోర్డు పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడింది.

"కమ్మలా, ఉంగరమా?"

"ఏంటి?"

"ఆ చిన్న డబ్బాలో. కమ్మలా ఉంగరమా అని అడుగుతున్నా."

"బూరుల్, బస్సు నడుపుతున్నాను."

"నడుపు. చేతులతో నడుపు, నోటితో జవాబు చెప్పు. నాకు కమ్మలు కొని ఎన్నాళ్లయింది?"

బస్సులో రేడియో వింటున్న కుర్రకారు చెవుల్లోంచి తీగలు తీసేశారు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పారన్నది కాదు, ఏం చేశావన్నది చెప్పు. రోజూ ఆవిడ పక్కన నిలబడతావట. కళ్లు మూసుకుని ఆవిడ వాసన చూస్తావట. ఆవిడ ఎటు తిరిగితే అటు తిరుగుతావట!"

"ఆవిడ కాదే, గాలి!"

"గాలా?" అంది బూరుల్. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ కంగారులో మెదెర్ మలుపులో బస్సును కొంచెం వేగంగా తిప్పాడు. నెత్తిన ధడేల్‌మని శబ్దమైంది, దీపాలు ఆరిపోయాయి, బస్సు నాలుగు రోడ్ల కూడలి మధ్యలో ఆగిపోయింది. కడ్డీలు రెండూ జారాయి.

అతను చేతి తొడుగులు వేసుకుని మంచులోకి దిగాడు. బూరుల్ కూడా దిగింది. బస్సు వెనక అతను ఒక తాడు లాగుతుంటే, కోపంలోనూ పని ఆగకూడదనుకునే మనిషి కాబట్టి, ఆమె రెండో తాడు పట్టుకుంది. జనం వెనక అద్దానికి ముఖాలు అతికించారు. కొందరు దిగొచ్చారు కూడా. చుట్టూ కార్లు హారన్లు కొడుతున్నాయి.

"ఆ ముసలిదానిలో ఏం చూశావు? నాకేం తక్కువ?" అంది బూరుల్.

మెదెర్‌కు నాలుక పీకుతోంది. కడ్డీలు జారాయి, చలి, తగాదా. ఇరవై ఎనిమిదేళ్లలో ఇంతకంటే సిగరెట్ అవసరమైన క్షణం లేదు. తాడు వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు.

"నాకు ఆవిడ వద్దు! ఆవిడ పొగ కావాలి!"

కూడలి అంతా విన్నది.

"డబ్బాలో సిగరెట్లే! ఆవిడ మానేసింది. ఆవిడ మానేస్తే నా గతేంటి? తాగమని బతిమాలుకున్నాను!"

బస్సు దిగొచ్చిన ఓ ముసలామె దగ్గరకొచ్చి అడిగింది. "అంటే తాగుతున్నావా నాయనా?"

"లేదవ్వా. ఆవిడ తాగితే పీలుస్తున్నాను."

"ఛీ! దీనికంటే కమ్మలిచ్చి ఉంటేనే మర్యాదగా ఉండేది."

తెల్ల ఉన్ని టోపీ పెద్దాయన ఒకరు మెదెర్ వైపు చేరారు. "అలా అనకమ్మా. నేను మానేసి పాతికేళ్లయింది. ఇప్పటికీ కల్లో తాగుతా. కల్లో మా ఆవిడ పట్టుకుంటుంది కూడా."

జనం నవ్వారు. బూరుల్ నవ్వలేదు. ఇంకో ఆడమనిషి లేదని తెలిసి ముందు ఒళ్లు తేలికైంది, ఆ వెంటనే ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

"నాలుగు నెలల నుంచీ ఇంత బాధపడుతూ నాకెందుకు చెప్పలేదు?"

"మొదటి రోజే ఊరంతా చాటేశావు. మా ఆయన మానేశాడని ఎంత సంబరపడ్డావో నేను వినలేదా? ఇంకా రోజూ చచ్చేంత కావాలనిపిస్తోందని ఏ ముఖంతో చెప్పను?"

ఆమె ముక్కు తుడుచుకుని తాడు గట్టిగా లాగింది. మొదటి ప్రయత్నంలోనే ఆమె కడ్డీ తీగకు సరిగ్గా తగిలింది. మెదెర్‌ది మూడోసారికి తగిలింది.

చివరి స్టాపులో జోయా పావ్లోవ్నా పెదాలకు రంగుతో ఎదురుచూస్తోంది. బూరుల్‌ను చూసి నవ్వు సగంలో ఆపేసింది. మెదెర్ మంచులో బూటు కాలితో గీతలు గీస్తూ, గాలివాటు సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. కళ్లెందుకు మూసుకున్నాడో, సెంటెందుకు వద్దన్నాడో, పెట్టె ఎందుకిచ్చాడో.

"మరి నా మోకాళ్లు?" అంది జోయా పావ్లోవ్నా చివరికి.

"మోకాళ్ల గురించి మొదట ఊరికే అడిగానండీ. తర్వాత తర్వాత నిజంగానే అడిగాను."

ఆమె కోటు లోపలి జేబులోంచి సిగరెట్ పెట్టె తీసింది. చుట్టూ ఉన్న సన్నటి పొర కూడా చిరగలేదు. గుర్తుగా దాచుకుంది.

"నేనొక వెర్రిదాన్ని," అంటూ నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఇదిగో, తీసుకుని మీరే తాగండి."

పెట్టె మెదెర్ చెయ్యి దాకా వచ్చింది. చెయ్యి దానంతటదే ముందుకు సాగింది కూడా. బూరుల్ అడ్డుపడలేదు, ఏం చేస్తాడో చూద్దామన్నట్టు చూస్తూ ఉండిపోయింది. అతను చేతిని వెనక్కి లాక్కుని చంకలో పెట్టుకున్నాడు.

"వద్దండీ. ఒకటి తాగితే నేను అయిపోతాను."

ఆ మాటకు బూరుల్ మనసు మెత్తబడింది గానీ, ఆ మెత్తదనం చూపింది మాత్రం జోయా పావ్లోవ్నా మీద. ఆమె చెయ్యి పట్టుకుని అడిగింది. "ఎన్నాళ్లయింది మీరు మాని?"

"ఐదు రోజులు. ఇప్పుడిక ఎవరి కోసం మానాలి?"

"ఇతని మీద కసితో మానెయ్యండి. నన్నడిగితే ప్రేమ కంటే కసి ఎక్కువ రోజులు పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికి రండి, మంతీ చేస్తాను. ఇద్దరం కలిసి తిడదాం."

జోయా పావ్లోవ్నా వెళ్లింది. మాంసం కూరిన ఆ కుడుములు పద్నాలుగు తిన్నది. ఆ ఇద్దరూ కలిసి తిట్టారు కూడా. మధ్యమధ్యలో ఐజిరెక్ కూడా మాట సాయం చేసింది. మెదెర్ టీలు పోస్తూ తిరిగాడు.

ఆ తర్వాత అతనికి అసలు కష్టం మొదలైంది. పీల్చడానికి ఎవరి పొగా లేదు. పొగతాగే మిగతా డ్రైవర్లు బూరుల్ హెచ్చరికతో అతన్ని చూస్తే పక్కకు తప్పుకుంటున్నారు. అప్పుడతను గడియారం చూసుకుని ఒక సంగతి కనిపెట్టాడు. ఎంత గట్టిగా కావాలనిపించినా అది నాలుగు నిమిషాలే. ఆ నాలుగు నిమిషాలు బస్సు దిగి, వెనక్కి వెళ్లి, తాళ్లు పట్టుకుని నిలబడితే దాటిపోతుంది. కడ్డీలు జారకపోయినా దిగి నిలబడేవాడు.

ఫిబ్రవరిలో కంట్రోలర్ నుర్జమాల్ అతన్ని గదికి పిలిచి, రోజూ ఎనిమిదేసి నిమిషాలు ఆలస్యమెందుకో రాతపూర్వకంగా ఇమ్మంది. మెదెర్‌కు అబద్ధాలతో అప్పటికే విసుగెత్తింది. 'ఆలస్యానికి కారణం: సిగరెట్ తాగకపోవడం, రెండుసార్లు' అని రాసి సంతకం పెట్టాడు.

నుర్జమాల్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇది పైవాళ్లకు పంపిస్తే నన్నూ నిన్నూ కలిపి పిచ్చాసుపత్రికి పంపుతారు. కడ్డీలు జారాయని రాయి."

రాశాడు. మార్చి నెలంతా అదే రాశాడు. డిపోలో మెకానిక్కు ఆ కాయితాలు చూసి అతని బస్సు కడ్డీలు మూడుసార్లు విప్పి బిగించాడు, వాటి చివర తీగకు రాసుకునే నల్లటి తలలు రెండుసార్లు మార్చాడు, చివరికి స్ప్రింగులు కూడా కొత్తవి వేశాడు. ఎక్కడా లోపం దొరక్క రాత్రిళ్లు నిద్రపట్టలేదని అందరికీ చెప్పుకునేవాడు. మెదెర్‌కు జాలేసి ఒకసారి నిజం చెప్పబోయాడు. మెకానిక్కు చెవి మీద సగం కాలిన సిగరెట్ ఉంది. మెదెర్ రెండడుగులు వెనక్కి వేసి, ఏమీ లేదులే అనేసి బయటికి నడిచాడు.

ఏప్రిల్‌లో ఆ నాలుగు నిమిషాలు మూడున్నరకు దిగాయి.