తవుడిచ్చి కొన్న పిల్ల

వీరవేణికి ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. నాలుగోది కడుపులో ఉండగా మొగుడు చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. అందుకని ఆడపిల్ల భూమ్మీద పడగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటి అచ్చాయమ్మకు కబురంపింది. మొగుడు లేని అచ్చాయమ్మ చేటెడు తవుడు తెచ్చి వీరవేణి ఒళ్లో పోసి, పిల్లను కొనుక్కుని ఎత్తుకుపోయింది. పొద్దు వాలకముందే మళ్లీ వచ్చి, "నా పిల్లకి కాసిని పాలియ్యవే" అంది.

పల్లెలో అది మామూలే. పిల్ల మనది కాదంటే, ప్రాణం తీసుకుపోవడానికి వచ్చేది ఇల్లు తప్పి వచ్చాననుకుని మళ్లిపోతుంది. పెళ్లినాడు ఆ తవుడు తిరిగి కొలిచిచ్చేదాకా కన్నతల్లి 'నాది' అనకూడదు. తవిటమ్మ అని పేరు పెట్టుకున్న ఆ పిల్ల అచ్చాయమ్మను అమ్మా అని, వీరవేణిని అత్తా అని పిలుస్తూ పెరిగింది. అచ్చాయమ్మ వాంతిజబ్బుతో పోయి మూడేళ్లయినా ఆ పిలుపు మారలేదు.

ఊరి ముందు గోదావరి. ఈ గట్టు ఇంగ్లీషువాళ్లది. అవతల కనిపించే యానాం పరాసువాళ్లది, అంటే ఫ్రెంచివాళ్లది. ఎండుచేపలు అమ్ముకునే వాళ్లకు రెండు గట్లూ ఒకటే. పద్నాలుగేళ్ల తవిటమ్మ ఓ ఉదయం గంపతో అవతలికి వెళ్లింది. సాయంత్రం గంప వచ్చింది గాని పిల్ల రాలేదు.

గంప తెచ్చినవాడు పడవ నడిపే గంగయ్య. "కూలీల్ని పోగేసే ఆ అమ్మిరాజు మేస్త్రీ చేపలన్నీ కొంటానని కూలీల కొట్లోకి తీసుకెళ్లేడమ్మా. ఖాళీ గంప బయటికి ఇసిరేసి తలుపేసేసేరు" అన్నాడు.

కూలీల కొట్టంటే అందరికీ తెలుసు. అక్కడ పోగుచేసిన జనాన్ని ఓడెక్కించి, సముద్రం అవతల బుర్బోను దీవిలో చెరకు తోటలకు తోలతారు. వీరవేణి అప్పుడే అవతలికి పోయి తలుపు బాదింది. కాపలావాడు కర్రతో నెట్టాడు.

తెల్లవారి గంగయ్యను వెంటబెట్టుకుని ఠాణాకు పోయింది. అక్కడి హెడ్డు పల్లంరాజు, పాలకొల్లు అవతల వ్యవసాయం చేసుకునే ఇంటివాడు. మంచివాడే.

"మీరొచ్చి ఆ తలుపు తీయించండి బాబూ" అంది వీరవేణి.

"ఆరెలా ఒస్తారే అమ్మా!" అన్నాడు గంగయ్య. "నిరుడు దొంగెనకాల పరిగెట్టి అవతల గట్టెక్కేరు. పరాసు బంట్రోతులు తలపాగా లాక్కుని పంపించేరు. ఆ దొంగే నయం, గట్టుమీంచి దణ్ణం ఎట్టేడంట."

"నీ నోరు మూసుకో గంగయ్యా" అన్నాడు పల్లంరాజు. కోపంగా అనలేదు. "నిజమేనమ్మా. గోదారి నడిమధ్య దాకానే నా మాట చెల్లేది. నేను రాసింది కాకినాడ దొరగారికి పోవాలి. ఆయన యానాం దొరకి రాయాలి. వాళ్లు కొట్లో జాబితా చూసి, ఫలానా తల్లి బిడ్డ ఉందంటే వదిలిపెడతారు. ఓడ ఇంకా కదల్లేదు. చెప్పు. పిల్ల పేరు?"

"తవిటమ్మండి."

"తల్లి పేరు?"

వీరవేణి నోరు తెరిచింది. ముగ్గురినీ పూడ్చిన ఇసుకదిబ్బ కళ్లముందు నిలిచింది. పద్నాలుగేళ్లు దాచిన మాట. ఇప్పుడంటే, కొట్లో దిక్కులేకుండా ఉన్న పిల్లను, ఆ వచ్చేదానికి తనే వేలుపెట్టి చూపించినట్టవుతుంది.

"అచ్చాయమ్మండి" అంది. "మూడేళ్లయింది పోయి."

"మరి నువ్వేమవుతావు?"

"పెంచుకుంటన్నానండి."

గంగయ్యకు తెలుసు. తల తిప్పుకుని గోడకేసి చూశాడు. పల్లెలో పుట్టినవాడెవడూ ఆ మాట బయటపెట్టడు. పల్లంరాజు కలం ముంచి, అచ్చాయమ్మ కూతురు తవిటమ్మ అని రాశాడు.

వీరవేణి తొమ్మిది రోజులు గట్టు మీదే కూర్చుంది. అక్కడినుంచి కొట్టు పెంకులు కనిపిస్తాయి గాని, ఓడ ఆగే సముద్రపు పక్క కనిపించదు. పదోనాడు పల్లంరాజు కాగితం పట్టుకుని తనే వచ్చాడు.

"లేదన్నారమ్మా. మన ఊరి తవిటమ్మే ఒకత్తె ఉందిట గాని, ఆ పిల్ల వేరు. తల్లి పేరు వీరవేణి అని చెప్పిందిట. అచ్చాయమ్మ కూతురు లేదు పొమ్మన్నారు."

వీరవేణి అతని కాళ్లు పట్టుకుంది. "నేనే బాబూ వీరవేణిని! నా కూతురే! నేను కన్న నా కూతురే!"

పడవ దగ్గరున్న గంగయ్య వచ్చి, తడబడుతూ తవుడు సంగతి చెప్పాడు. పల్లంరాజు అంతా విన్నాడు. తలపాగా తీసి, బిళ్ల ఉన్న నడికట్టు విప్పి, గట్టు మీద పెట్టాడు. "ఇప్పుడు నేనెవరికీ హెడ్డుని కాను. పడవ తియ్యి" అన్నాడు.

కొట్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల వంటమనిషి మహాలక్ష్మమ్మ ఒక్కతే ఊడుస్తోంది.

"మొన్న నీరు తీసే పాటుకే ఎల్లిపోయిందమ్మా ఓడ" అంది. జవాబు కాగితం యానాంలో బయలుదేరి, కాకినాడ చుట్టి, గోదావరి ఇంగ్లీషు గట్టుకు వచ్చేసరికే ఓడ పోయింది.

"తవిటమ్మ అని ఒక పిల్ల..." అన్నాడు పల్లంరాజు.

"ఎండుచేపల పిల్లా? తల్లి పేరేంటంటే సేనాసేపు పలకలేదు బాబూ. అమ్మ పేరు సెప్పనా, అత్త పేరు సెప్పనా అని నన్నడిగింది. నాకేం తెలుసు? కన్నదాని పేరు సెప్పవే, ఎతుక్కుంటా వస్తది అన్నాను. సెప్పి, నోరు మూసేసుకుంది. అనేశానే పిన్నీ, నాకేం అవదు కదా అంటా ఒకటే ఏడుపు."

వీరవేణి ఏడవలేదు. చీపురు కింద పోగైన చెత్తలోకి చూస్తూ నిలబడింది.

తిరిగి వస్తూ పడవలో పల్లంరాజు అన్నాడు: "ఆ దీవిలో కూలీల మంచిచెడ్డలు చూడ్డానికి మన ఇంగ్లీషువాళ్ల దొర ఒకడుంటాడమ్మా. ఆయనకి రాయిస్తాను."

"ఎన్నాళ్లు బాబూ?"

"ఏడాది అవచ్చు. జవాబొస్తే."

"రాయండి. తల్లి వీరవేణి అని రాయండి. రెండుసార్లు రాయండి."

ఇంటికి పోయి చేట నిండా తవుడు పోసుకుంది. అచ్చాయమ్మ గుడిసె పోయిన వానలకే కూలి, అరుగు మాత్రం మిగిలింది. దాని మీద తవుడంతా కుమ్మరించింది.

"ఇదుగోనే అచ్చాయమ్మా, నీ తవుడు నీకిచ్చేశాను. నా పిల్లని నాకిచ్చెయ్యి" అంది.

ఎవరింటివో కోళ్లు వచ్చి తవుడు తినసాగాయి. వీరవేణి వాటిని అదిలించబోయి, ఊరుకుంది.