చైర్మన్ గారు వంగిన ఫోటో

మా సబ్బుల కంపెనీకి నూరేళ్ళు నిండాయి. పోలేదు, అదే నా ఏడుపు. పండగ చేసుకుంటోంది.

ఏ దేశంలో జనం మనసు ఎలా గెలుచుకున్నామో చూపించే ఎగ్జిబిషన్ పెట్టారు. ప్రచార విభాగంలో ఉన్నందుకు ఆ పని నా నెత్తిన పడింది. పాత ఫోటోలన్నీ తిరగేశాను. ఒక దేశంలో మా సబ్బుకి పిల్లల ఒళ్ళు బొబ్బలెక్కితే, అప్పటి చైర్మన్ కెమెరాల ముందు నడుం దాకా వంగి తప్పయిందన్నాడు. ఇంకో దేశంలో లాయర్లు నోరు మెదపనివ్వలేదు, కంపెనీ రేడియోలో పాటల పోటీలు పెట్టి ఊరుకుంది. మరో దేశంలో ఆఫీసర్లు ఇంటింటికీ వెళ్ళి, టీ తాగి, పిల్లల చదువులడిగి, ఆ తర్వాతే అసలు సంగతెత్తారు.

మా ఊళ్ళో, ఏళ్ళ కిందట, కంపెనీ ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది. మా మేనమామ కుడిచెయ్యి పోయింది. వాల్వు పట్టేసిందని ఆ షిఫ్టులో అందరికీ తెలుసు. అయినా "కార్మికుడి అజాగ్రత్త" అని పేపర్లకు రాసిచ్చి కంపెనీ చేతులు దులుపుకుంది. అప్పట్నుంచీ మామయ్యది ఒకటే మాట.

"నాకేం ఇవ్వక్కర్లేదమ్మా. తప్పు నీది కాదని ఒక్కడు నా మొహం చూసి చెబితే చాలు."

ఆ సంగతి కూడా ఎగ్జిబిషన్లో పెడదామని మేనేజర్ దగ్గర నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"శుభమా అని పండగ చేసుకుంటుంటే ఆ గొడవెందుకమ్మా ఇప్పుడు?" అన్నాడు.

ఒళ్ళు మండింది. ఎగ్జిబిషన్ మొదలయ్యే రోజు, ఎవరూ పిలవకపోయినా మామయ్యను వెంటబెట్టుకెళ్ళాను. గుమ్మంలోనే ఇప్పటి చైర్మన్ ఎదురయ్యాడు. ఈయనా ఆ వంగే దేశం మనిషే. మామయ్య ముందు నడుం దాకా వంగాడు. కెమెరాలు మెరిశాయి. మామయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఎడంచేత్తో ఆయన భుజం తట్టాడు.

"చూశావుటే? అంత పెద్దాయన! నోటితో అనకపోతేనేం, అన్నట్టే కదూ?"

కానీ ఆ పొద్దున్నే ఆఫీసులో చైర్మన్ గారు డ్రైవరుకీ, లిఫ్టు నడిపే మనిషికీ, నాకూ అంతే వంగాడు. వాళ్ళకది పలకరింపు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. కింద మేనేజర్ రాయించిన ముక్క: "చైర్మన్‌ను ఆశీర్వదిస్తున్న మాజీ కార్మికుడు."

"ఆశీర్వదించడమేంటే!" మామయ్య పేపరు విసిరికొట్టాడు. "నేను క్షమించాను!"

పేపరు తీసుకుని ఆఫీసుకి పరిగెత్తాను. క్షమించాడని సవరణ వేయించమన్నాను.

"వేస్తే, దేనికి క్షమించాడని జనం అడగరూ?" అన్నాడు మేనేజర్.

"అడగాలనే కదా సార్ నేను చచ్చేది!"

ఆయన ఫోనెత్తి ఇంకెవరితోనో కబుర్లలో పడ్డాడు. వాళ్ళ నిర్లక్ష్యానికీ, నా చేతగానితనానికీ ఏడుపొచ్చింది.

సాయంత్రం మామయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఇక దాచలేక, ఆ వంగడం వాళ్ళ దేశపు పలకరింపని కూడా చెప్పేశాను.

ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.

"అయితే వాళ్ళెవరూ అడక్కుండానే క్షమించేశానన్నమాట," అన్నాడు. "ఇప్పుడది వెనక్కి తీసుకోవాలంటే మీ ఆఫీసులో ఎవర్ని కలవాలమ్మా?"