పేరు అడగని గది

ఎండాకాలంలో మొదలైన పని వానలు తగ్గుముఖం పట్టినా ఒడవలేదు. మహిత బీరంగూడలో కిరాయి ఇంట్లో కూర్చుని, కొత్తగా పరిశోధనలోకి వచ్చినవాళ్లు మాట్లాడుకునే ఒక వెబ్‌సైట్‌ను మళ్లీ కడుతోంది. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, ల్యాబుల్లో కొత్తగా చేరినవాళ్లు ఒకప్పుడు అందులో తెగ రాసేవాళ్లు. ఇప్పుడెవరూ రాయడం లేదు.

దాన్ని నడిపే మహేంద్ర పటాన్‌చెరులో పంటల మీద పనిచేసే శాస్త్రవేత్త. ఉద్యోగం పోను మిగిలిన టైమంతా దీనికే పెడతాడు. ఆయన అడిగినవన్నీ మహిత చేసింది. రాసేవాళ్ల ఫొటోలు పెద్దవి చేసింది, పక్కన వాళ్ల కంపెనీ పేరు పెట్టింది, ఎక్కువ రాసినవాళ్లకు నక్షత్రాలు కూడా ఇచ్చింది. చూపించిన ప్రతిసారీ, "బాగుందండి, కానీ ఇంకా ఏదో లోటుగా ఉంది" అనేవాడు. ఆ మాట విని విని ఆమెకు విసుగు కూడా రావడం మానేసింది.

చివరికి, రాయడం మానేసినవాళ్లనే అడుగుదామనుకుంది. తనుశ్రీ దొరికింది. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. షిఫ్ట్ దిగి వచ్చి, బస్టాప్ పక్క హోటల్లో చాయ్ ముందు కూలబడింది.

"రాసుడు ఎందుకు బంద్ చేసినవ్?" అని అడిగింది మహిత.

"రియాక్షన్ ఫెయిలైతే ఏం చెయ్యాల్నో అడిగిన అక్కా. కంపెనీ ముచ్చట ఒక్కటి గూడ రాయలే. తెల్లారి మా సార్ అందరి ముంగట ఫోన్ తీసి సదివిండు. ఫొటో ఉంది, పేరుంది. ఇగ యాడ దాక్కోవాలె?"

"మరి చూసుడు గూడ బంద్ చేసినవా?"

"లేదు. అన్నం తినేటప్పుడు రోజూ చూస్త. నా లెక్క ఇంకెవరన్న ఉన్నరేమో అని."

తిరిగొస్తుంటే ఆటోలో మహితకు నీరసం ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ తాను ఫొటోలు పెద్దవి చేస్తూ కూర్చుంది. ఇల్లు చేరగానే మహేంద్రకు ఫోన్ చేసింది.

"సైట్ల పేరు అడగని గది ఒకటి పెడదాం సార్. తప్పిన ప్రయోగాలు, ఆగిపోయిన పనులు అండ్ల రాసుకుంటరు. ఎవరు రాసిన్రో మనకు గూడ తెల్వొద్దు."

"పేర్లు లేకపోతే నోటికొచ్చింది రాస్తారండి."

"ప్రతిదీ చదివి, మంచిగుంటెనే పెడదాం."

"ఎవరు చదువుతారండి? నాకు ఓపిక లేదు."

"నాకు గూడ లేదు సార్. అయినా చదువుత."

"సరే, పెట్టండి" అన్నాడు చివరికి.

కొత్త సైట్ తెరిచాక, పాతదే నయమని ఫిర్యాదులు వచ్చాయి. గది మాత్రం ఖాళీగానే ఉంది. ఆమె రోజూ పొద్దున చూసి మూసేసేది. ఒకరోజు ఎవరో రాశారు: "మళ్లీ ఆగిపోయింది. ఈ పని నాకు చాతకాదేమో." ఎవరో తెలుసుకునే దారి మహిత తనే మూసేసింది. చదివి, వెంటనే అందరికీ కనిపించేలా పెట్టింది.

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది: "నా పైరు వరసగా రెండేళ్లు పోయింది. ల్యాబ్ దగ్గర దిగకుండా బస్సులో చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. ఎక్కడ ఆగుతోందో రాయండి, చూద్దాం."

సాయంత్రం మహేంద్ర ఫోన్ చేశాడు. "అది నేనే రాశానండి. పేరు పెట్టాలంటే రాసేవాణ్ణి కాదు."

"మంచిగ రాసిన్రు సార్" అంది మహిత.

"ఆదివారాలు వచ్చినవి నేను చదువుతాను లెండి. మీరు కాస్త పడుకోండి."

ఆ ఆదివారం ఆమె బట్టలు ఉతికి ఆరేసి, పొద్దు వాలేదాకా పడుకుంది. సోమవారం చూస్తే గదిలో కొత్తవి కొన్ని ఉన్నాయి. ఒకదాని కింద అప్పుడే వాదన మొదలైంది. చాయ్ పెట్టుకొని, చదవడానికి కూర్చుంది.