చివరి చెంచా తోడు

పెరుగు తోడుకోకపోతే కొంపలేం మునగవని మా ఆయన మహేశ్ నవ్వుతాడు. మునగవా? మిగిలింది ఒక్క చెంచా తోడు. అదిచ్చిన, పక్కనే రీడింగ్ అనే ఊళ్ళో ఉండే సులోచన ఆంటీ ఇంటికి తాళం వేసి హైదరాబాద్ వెళ్ళిపోయింది. సూపర్‌మార్కెట్ పెరుగుతో తోడేస్తే జిగురులా సాగుతుంది. అది తింటే పసిపిల్లకు ఏ రోగం వస్తుందో!

ఇంగ్లండ్‌లోని ఈ బేసింగ్‌స్టోక్ ఊరి చలికి మా ఫ్లాట్‌లో పాలు పాలుగానే ఉండిపోతాయి. వెచ్చగా ఉండేది పాప గది ఒక్కటే. అందుకని పొద్దున్నే గోరువెచ్చని పాలలో తోడు కలిపి, గిన్నె మీద మూత పెట్టి, గదిని వేడిచేసే రేడియేటర్ పక్కనున్న పాప ఊచల మంచంలో ఉంచాను. చుట్టూ దుప్పటి కప్పి, మూత మీద పాప ఉన్ని టోపీ తొడిగాను. పాప నిఖితేమో కారులో తిప్పితే తప్ప పగలు నిద్రపోదు. మహేశ్ దాన్ని వేసుకుని ఊళ్ళోని రౌండబౌట్లన్నీ చుట్టి వస్తున్నాడు. ఏ లారీ గుద్దుతుందోనని అదొక దడ.

బెల్ మోగింది. ఇంటికొచ్చి పాపను తూచే సర్కారు నర్సు, హెల్త్ విజిటర్ ఏంజెలినా, చెప్పిన టైము కంటే ముందే వచ్చేసింది. తేడా కనిపిస్తే వీళ్ళు కౌన్సిల్‌కు చెప్పి పిల్లల్ని తీసుకుపోతారట. పాప కారులో ఉందని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను.

ఆమె గదిలోకి తొంగిచూసింది. "నిద్రపోతోందా? లేపనులే," అంటూ మునివేళ్ళ మీద నడిచింది. "అయ్యో, ఇంత మందం దుప్పటా!" అని లాగబోయింది.

"వద్దు! కదిపితే పాడైపోతుంది! ఇంకా గట్టిపడలేదు!" అని నాకొచ్చిన ఇంగ్లిష్‌లో అరిచాను.

ఏంజెలినా బిత్తరపోయి టోపీ తీసింది. కింద స్టీలు మూత.

"ముందు బేబీని చూపించండి," అంది నెమ్మదిగా.

దేవుడి దయవల్ల అప్పుడే మహేశ్ పాపతో వచ్చాడు. పాపను చూశాక ఆమె ముఖం తేటపడింది గానీ, గది మరీ వేడిగా ఉందని రేడియేటర్ ఆపి కిటికీ తెరిచేసింది. నా తోడు చచ్చిపోదూ! గిన్నె తీసుకెళ్ళి సోఫాలో కూర్చున్న మహేశ్ ఒళ్ళో పెట్టి, దాని మీదుగా ఆయన కోటు జిప్పు పైదాకా లాగాను.

"ఏందే గిది? నాకు ఆఫీసు కాల్ ఉన్నది!"

"కూసోనే మాట్లాడు. కదిలినవంటే చూడు."

ఏంజెలినా పాపను తూచి ఏదో చెబుతోంది. నా చూపంతా మహేశ్ పొట్ట మీదే.

"సుగుణా, బాత్రూంకు పోవాలె."

"ఆగు. ఊపిరి గూడ మెల్లగ తీస్కో."

"పాప బాగుంది," అంది ఏంజెలినా వెళ్తూ. "ఆయన్ని కాస్త కదలనివ్వండి."

ఇంకాసేపటికి మూత తీశాను. గడ్డపెరుగు! మహేశ్ బాత్రూంకు పరుగు తీశాడు. నేను వెంటనే తోడుకని ఒక కప్పు తీసి ఫ్రిజ్‌లో దాచాను. అది పులిసిపోతే? ఇంకో కప్పు ఫ్రీజర్‌లో. కరెంటు పోతే? ఇంకోటి పక్కింటివాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టించాను.

మహేశ్ అన్నం పళ్ళెంతో వచ్చేసరికి గిన్నె ఖాళీ.

"మరి నాకేది?"

"రాత్రికి మళ్ళ తోడేస్త. కోటు ఇప్పకు."